వార్త తప్పైతే ఎవల్ని అడగాలె?

సర్కారు చేతుల లేని, ఓనర్ల జేబుల లేని మీడియా మండలి మనకు ఎందుకు గావాలె?

రేషన్ బియ్యం తక్కువ తూకితే తహసీల్దారుకు దరఖాస్తు పెడతం. కరెంటు బిల్లు ఎక్కువొస్తే ఏఈని అడుగుతం. యూరియా బస్తా మీద రేటు పెంచి అమ్మితే ఏవోకు ఫోన్ జేస్తం. గని మన ఊరి పేరు, మన ఇంటి పేరు పెట్టి పేపర్లనో, టీవీలనో, యూట్యూబ్ ఛానల్లనో అబద్ధం వచ్చిందనుకోండ్రి. ఏ ఆఫీసుకు పోవాలె? సోమవారం ప్రజావాణికి పోతే ఇది మా కిందికి రాదంటరు. స్టేషన్‌కు పోతే కోర్టుల ఏసుకోమంటరు. కోర్టుకు పోదమంటే వకీలు ఫీజు, వాయిదాలు, ఏండ్లకేండ్లు. ఈలోపు ఆ వీడియో ఊరూరి వాట్సాప్ గ్రూపుల తిరిగి తిరిగి నిజమే అన్నట్టు అయిపోతది.

నేను కోదాడ దిక్కు ఒక మండలంల ఆరేండ్లు ఒక పత్రికకు వార్తలు రాసిన. ఇప్పుడు రాస్తలేను. వార్త రాసెటోని కష్టం ఏందో తెలుసు, తప్పుడు వార్తల చిక్కినోని బాధ గూడ చూసిన. అందుకే ఈ ముచ్చట వట్టిగ "మీడియా చెడిపోయింది" అని తిట్టుడు గాదు. తిట్టుడు అల్కగ అయితది. అడగటానికి ఒక గడప ఉండాలె. ఆ గడప ఎట్లుండాలె అన్నదే ఇక్కడి సంగతి.

మిర్యాలగూడ నేర్పిన పాఠం

2018 సెప్టెంబర్ 14న మిర్యాలగూడల, కడుపుతోని ఉన్న భార్యను దవాఖానల చూపెట్టుకొని బయటికొస్తున్న దళిత యువకుణ్ణి పట్టపగలు నరికి చంపిన్రు. కులం దాటి పెండ్లి చేసుకున్నడన్నదే కారణం. కేసు నడిచి నడిచి 2025 మార్చి 10న నల్లగొండ కోర్టు ఒకనికి ఉరిశిక్ష, ఆరుగురికి యావజ్జీవ శిక్ష ఏసింది.

చంపినోళ్లకు శిక్ష పడ్డది. గని ఆ ఆరున్నరేండ్లల్ల ఇంకొకటి గూడ నడిచింది. సీసీ కెమెరాల పడ్డ ఆ హత్యను టీవీల తిప్పి తిప్పి ఏసిన్రు. భర్తను పోగొట్టుకున్న ఆడపిల్ల ఎట్లుంటుంది, ఏం జేస్తుంది, ఏం మాట్లాడింది అన్నదే థంబ్‌నెయిల్ అయింది. హత్యను తప్పు అననోళ్లు, ఆమె బతికుండుడే తప్పన్నట్టు కామెంట్లు పెట్టిన్రు. ఆ కామెంట్లతోనే కొందరి వ్యూస్ పెరిగినయి, వ్యూస్‌తోని పైసలు వచ్చినయి.

నాణేనికి రెండో దిక్కు గూడ చెప్పాలె. ఆ కేసును దేశం మొత్తం ముందల పెట్టింది గూడ విలేకరులే. వాళ్లు రాయకుంటే ఇది ఒక చిన్న పట్నంల జరిగిన హత్య లెక్కనే మరుగునపడేది. అంటే మీడియా నోరు మూయిస్తే నష్టపోయేది మనమే. మీడియాకు అడ్డూ అదుపూ లేకున్నా నష్టపోయేది మనమే. ఈ రెండు మాటలు ఒక్కసారే గుర్తుపెట్టుకోకుంటే ఈ సమస్య అర్థంగాదు.

ఇప్పుడున్న తలుపులు ఏవి?

మొదటిది ప్రెస్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా. మొదటి ప్రెస్ కమిషన్ 1954ల చేసిన సిఫారసు మీద, 1965 చట్టంతోని, 1966 జూలై 4న ఇది మొదలైంది. ఎమర్జెన్సీల 1976 జనవరి 1 నుంచి రద్దు చేసిన్రు. 1978 చట్టం కింద 1979ల మళ్ల పెట్టిన్రు. చైర్మన్, 28 మంది సభ్యులు ఉంటరు. అండ్ల 13 మంది జర్నలిస్టులు, ఆరుగురు పత్రికల యజమానులు, వార్తా ఏజెన్సీల తరఫున ఒకరు, చదువు, చట్టం, సాహిత్యం దిక్కునుంచి ముగ్గురు, పార్లమెంటు సభ్యులు ఐదుగురు. చైర్మన్‌గ సుప్రీంకోర్టు రిటైర్డ్ జడ్జిని పెట్టుడు ఆనవాయితీ.

దీని బలం ఏందంటే, మామూలు మనిషి గూడ రూపాయి ఫీజు లేకుండ ఫిర్యాదు పెట్టొచ్చు. బలహీనత ఏందంటే, తప్పు తేలినా ఇది చేసేది మూడే పనులు: హెచ్చరిస్తది, మందలిస్తది, తప్పుపడతది. జరిమానా ఏసే అధికారం లేదు. ఇంకోటి, దీని పరిధి అచ్చు పత్రికలు, వార్తా ఏజెన్సీల దాంకనే. టీవీ దీని కిందికి రాదు, యూట్యూబ్ రాదు. మన ఊర్లల్ల ఇయ్యాల పేపరు చదివెటోళ్లు ఎంతమంది, ఫోన్ల చూసెటోళ్లు ఎంతమంది? ప్రెస్ కౌన్సిల్ కాపలా కాసే దర్వాజల నుంచి ఇప్పుడు రాకపోకలే తగ్గిపోయినయి.

రెండోది టీవీది. 1995 కేబుల్ టీవీ చట్టం కింద ప్రోగ్రాం కోడ్ ఉంది. 2021ల దానికి మూడు మెట్ల ఫిర్యాదు పద్ధతి కలిపిన్రు. ముందుగాల ఛానల్‌కు రాయాలె. వాళ్లు 24 గంటల్ల అందిందని చెప్పాలె, 15 రోజుల్ల తేల్చాలె. తేల్చకుంటే ఛానళ్లు కలిసి పెట్టుకున్న స్వీయ నియంత్రణ సంస్థకు పోవాలె. ఆఖరికి కేంద్ర సర్కారు. ఈ స్వీయ నియంత్రణ సంస్థల్ల పేరున్నది ఎన్‌బీడీఎస్ఏ, 2008ల మొదలైంది. గరిష్ఠ జరిమానా లక్ష రూపాయలు. ఒక్క నిమిషం ప్రకటనకు ఎంతో గుంజే ఛానల్‌కు లక్ష రూపాయలంటే చాయ్ ఖర్చు. 2023 ఆగస్టుల సుప్రీంకోర్టు గూడ ఈ లక్ష జరిమానా ఏ మూలకూ సరిపోదన్నట్టే మాట్లాడింది. పైంగ, ఆ సంస్థల సభ్యత్వం తీసుకున్న ఛానళ్ల మీదనే దాని మాట చెల్లుతది. 2009ల జరిమానా ఏస్తే ఒక పెద్ద హిందీ ఛానల్ సంఘం నుంచే బయటికి పోయింది, తర్వాత ఎప్పుడో మళ్ల వచ్చింది. అంపైరు ఔట్ ఇస్తే గ్రౌండే మార్చుకున్నట్టు.

మూడోది డిజిటల్. 2021 ఫిబ్రవరి 25న కేంద్రం ఐటీ నిబంధనలు తెచ్చింది. వార్తా సైట్లు ఫిర్యాదుల అధికారిని పెట్టుకోవాలె, 15 రోజుల్ల జవాబియ్యాలె అన్నది. ఇక్కడ గూడ మూడు మెట్లు, ఆఖరి మెట్టు మీద కేంద్ర సర్కారే. దీంతోని వార్త మీద సర్కారు చెయ్యి పడతదని కోర్టులకు పోతే, నియమావళి పాటించాలన్న ముఖ్యమైన భాగాన్ని 2021 ఆగస్టు 14న బొంబాయి హైకోర్టు నిలిపేసింది. అంటే తలుపు ఉన్నట్టే ఉంది, సగం మూసుకొనే ఉంది.

నాలుగోది కోర్టు. పరువు నష్టం కేసు ఏయొచ్చు. కొత్త శిక్షాస్మృతి బీఎన్ఎస్‌ల 356వ సెక్షన్, రెండేండ్ల దాంక జైలు. ఈ తలుపు పైసలున్నోనికే తెరుచుకుంటది. కూలి చేసుకునే మనిషికి ఇది మొరపెట్టుకునే జాగ గాదు. పెద్దోళ్లకైతే చిన్న విలేకరిని బెదిరిచ్చే కట్టె.

సర్కారు చేతికిస్తే ఏమయితది?

"అయితే సర్కారే ఒక గట్టి చట్టం తెచ్చి లోపలేస్తే అయిపాయె గద" అని మనోళ్లు చానామంది అంటరు. ఆగుండ్రి. ఆ కట్టె ఎవల చేతుల ఉంటే వాళ్ల ఇష్టమే అయితది. పార్టీ పేరు మారొచ్చు గని కట్టె మారదు.

మన దగ్గరి సంగతులే చూద్దం. 2014 జూన్‌ల, రాష్ట్రం వచ్చిన కొత్తల, ఒక టీవీ కార్యక్రమం తెలంగాణ ఎమ్మెల్యేలను, ప్రజలను కించపరిచిందని అసెంబ్లీల గట్టి చర్చ అయింది. ఆ కోపంల న్యాయం ఉంది. మన యాసను, మన మనుషులను ఎక్కిరించుడు ఏండ్ల సంది నడిచిందే. గని తర్వాత ఏమైంది? కేబుల్ పంపిణీదార్లు టీవీ9, ఏబీఎన్ ఆంధ్రజ్యోతి రెండు ఛానళ్లను తెలంగాణల ఆపిన్రు. నెలల తరబడి ఆపిన్రు. సెప్టెంబర్‌ల వరంగల్ల అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ కేబుల్ ఆపరేటర్లను మెచ్చుకొని, తెలంగాణను తక్కువ చేస్తే పాతిపెడతమన్న అర్థంల మాట్లాడిండు. తప్పు ఒక కార్యక్రమానిది. శిక్ష మొత్తం ఛానల్‌కు, దాన్ని చూసే జనానికి. విచారణ చేసింది ఎవలు? ఎవలూ లేరు. ఆనాడు ఒక స్వతంత్ర మండలి ఉంటే వారంల విచారణ చేసి, అదే ఛానల్ల, అదే టైముకు తప్పు ఒప్పుకునేటట్టు చేస్తుండె. మన గౌరవం దక్కేది, ఛానల్ గూడ బందయ్యేది గాదు.

పక్క రాష్ట్రంల 2019 అక్టోబర్ 30న జగన్ సర్కారు 2430 నంబరు జీవో తెచ్చింది. వార్త తప్పనిపిస్తే ఆయా శాఖల కార్యదర్శులే కేసులు ఏయొచ్చని. 2007ల వైఎస్ కాలంల వచ్చిన 938 జీవో గూడ ఇదే దారిది. కేంద్రం 2023 ఏప్రిల్‌ల ఐటీ నిబంధనలు మార్చి, కేంద్ర సర్కారు మీద వచ్చే వార్తల ఏది నిజం, ఏది అబద్ధం అన్నది తన ఫ్యాక్ట్ చెక్ యూనిటే తేల్చేటట్టు పెట్టుకుంది. 2024 మార్చి 20న ఆ యూనిట్‌ను ప్రకటిస్తే తెల్లారే సుప్రీంకోర్టు ఆపింది. అదే ఏడు సెప్టెంబర్‌ల బొంబాయి హైకోర్టు ఆ నిబంధననే కొట్టేసింది. దొంగతనం కేసుల దొంగనే జడ్జిగ కూసోవెట్టొద్దు గద, గంతే సంగతి.

2025 మార్చి 12న ఒక యూట్యూబ్ ఛానల్ నడిపే ఇద్దరు మహిళా జర్నలిస్టులను హైదరాబాద్ల పోలీసులు అరెస్టు చేసిన్రు. ముఖ్యమంత్రిని ఒక రైతు తిట్టిన వీడియో పెట్టిన్రని. తర్వాత బెయిల్ వచ్చింది. రెండు మూడు రోజులకే అసెంబ్లీల ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి అసలు ఎవలు జర్నలిస్టో తేల్చాలన్నడు, జర్నలిస్టు ముసుగుల తిట్టెటోళ్లను ఊకోమన్నడు. బూతులు వార్త గాదు, నిజమే. గని ఆ గీత గీసేది తిట్లు తిన్న మనిషే అయితే, రేపు ధాన్యం కొనుగోలు మీద మొత్తుకున్న రైతు గొంతు గూడ బూతు లెక్కనే వినపడతది.

ఈ గడ్డకు ఇది కొత్త గాదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ అన్నీ ఒకనాటి నల్లగొండ జిల్లావే. ఆ నల్లగొండ నుంచే 1922ల, నిజాం కాలంల, షబ్నవీసు వెంకట రామ నరసింహారావు 'నీలగిరి' పత్రిక తెచ్చిండు. 1948 ఆగస్టుల 'ఇమ్రోజ్' సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ను రజాకార్లు కాల్చి చంపిన్రు, రాసిన చెయ్యి నరికిన్రు. అధికారానికి నచ్చని రాత ఎంత ఖరీదైందో మన తాతలకు తెలుసు.

ఓనర్ల చేతుల ఉంటే ఏమయితది?

ఇక రెండో దారి, "మమ్ముల మేమే చూసుకుంటం" అని యజమానులు అనేది. దీని సంగతి తెలుసుకోవాలంటే 2009 ఎన్నికలు యాదికి తెచ్చుకోవాలె. ఆ ఎన్నికల్ల పైసలు తీసుకొని అభ్యర్థుల పొగడ్తలను వార్తల లెక్క అచ్చేసిన్రని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ల, మహారాష్ట్రల గగ్గోలు లేచింది. దీన్నే పెయిడ్ న్యూస్ అంటరు. ప్రెస్ కౌన్సిల్ ఇద్దరితోని ఉపసంఘం ఏసింది: ఒకరు పరంజయ్ గుహ ఠాకుర్తా, ఇంకొకరు మన తెలుగు పాత్రికేయుడు కె.శ్రీనివాస్ రెడ్డి. వాళ్లు తిరిగి, సాక్ష్యాలు తీసుకొని, పేర్లతోని సహా 71 పేజీల నివేదిక ఇచ్చిన్రు. 2010ల ప్రెస్ కౌన్సిల్ ఏం జేసింది? పేర్లు తీసేసి చిన్న నివేదిక బయటపెట్టింది. అసలుది సమాచార హక్కు కింద కొట్లాడితే, కేంద్ర సమాచార కమిషన్ ఆదేశంతోని 2011ల బయటికొచ్చింది. యజమానులు గూడ కూసున్న బల్ల మీద యజమానుల పేర్లు రాలేదు. దీన్ని మించిన పాఠం ఇంకేం గావాలె?

అదే పెయిడ్ న్యూస్ మీద ఎన్నికల సంఘం కొంచెం పని చేసింది. 2011 అక్టోబర్‌ల ఉత్తరప్రదేశ్ ఎమ్మెల్యే ఉమ్లేశ్ యాదవ్‌ను, పెయిడ్ న్యూస్ ఖర్చు లెక్కల్ల చూపనందుకు అనర్హురాలిని చేసింది. గని అక్కడ శిక్ష పడ్డది పైసలిచ్చినోళ్లకు. తీసుకొని అచ్చేసినోళ్ల మీద ఎన్నికల సంఘానికి అధికారమే లేదు.

మండల విలేకరిని తిడితే సరిపోదు

ఇప్పుడు నాకు బాగ తెలిసిన సంగతి. 1985ల మండలాలు వచ్చినయి. 1989ల ఈనాడు జిల్లా ఎడిషన్లు మొదలుపెట్టింది, మిగతా పత్రికలు అదే బాట పట్టినయి. మన ఊరి వార్త పేపర్లకు ఎక్కింది, అది మంచిదే. గని ఆ వార్త పంపే మనిషికి జీతం రాలేదు. లైన్ అకౌంట్ అని, అచ్చయిన దాన్ని కొలిచి ఇచ్చే చిల్లర. అపాయింట్‌మెంట్ కాగితం ఉండదు. దసరాకు, జూన్ 2కు, ఎమ్మెల్యే పుట్టినరోజుకు ఇన్ని యాడ్‌లు తేవాలె అని టార్గెట్ మాత్రం ఉంటది.

నేను రాసేటప్పుడు ఒక పండుగకు నా మీద పడ్డ యాడ్ టార్గెట్, ఏడాది మొత్తం నాకొచ్చిన లైన్ అకౌంట్ పైసల కంటె ఎక్కువ. ఆ యాడ్‌లు ఎవలిస్తరు? సర్పంచు, మిల్లు ఓనరు, కాంట్రాక్టరు, ప్రైవేటు బడి, ప్రైవేటు దవాఖాన. మిర్యాలగూడ అంటే రైస్ మిల్లుల పట్నం. మేళ్లచెరువు, మఠంపల్లి దిక్కు సిమెంటు ఫ్యాక్టరీలు. పొద్దుగాల యాడ్ అడిగిన చేతితోని పొద్దుమూకి వడ్లల తరుగు కోసిన్రని, ఫ్యాక్టరీ దుమ్ము పడుతుందని ఎట్ల రాయాలె? కొంతమంది గట్టిగ నిలబడి రాస్తరు, వాళ్లకు దండం. కొంతమంది రాయకుండ బతుకుతరు. ఇంకొంతమంది రాస్తమని బెదిరిచ్చి బతుకుతరు. బండి మీద 'ప్రెస్' అని స్టిక్కర్ ఏసుకొని దుకాణం దుకాణం తిరిగెటోళ్లు ఆ మూడో రకం. జనం ముగ్గురినీ ఒక్క గాటనే కడుతున్నరు.

అందుకే నేననేది, మీడియాను సక్కదిద్దే ఏ సంస్థ అయినా విలేకరిని శిక్షిచ్చుడొక్కటే చూస్తే పని జరగది. జీతం ఇయ్యకుండ యాడ్‌ల కోసం తరిమే మేనేజ్‌మెంట్‌ను గూడ నిలదీసే అధికారం దానికుండాలె.

మరి ఎట్లుండాలె?

ఇది గాల్ల మాట గాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2014 ఆగస్టు 12న మీడియా యాజమాన్యం మీద సిఫారసులు ఇస్తూ, టీవీకి, పత్రికలకు కలిపి ఒక స్వతంత్ర నియంత్రణ సంస్థ పెట్టాలని, అండ్ల మీడియా బయటోళ్లే ఎక్కువమంది ఉండాలని చెప్పింది. 2021 డిసెంబర్‌ల పార్లమెంటు స్థాయీ సంఘం గూడ అన్ని రకాల మీడియాకు కలిపి మీడియా కౌన్సిల్ గురించి సిఫారసు చేసింది. కాగితాలు ఉన్నయి, కదలిక లేదు.

బయటి దేశాల అనుభవం చూద్దం. బ్రిటన్ల ఫోన్ల హ్యాకింగ్ బయటపడి 168 ఏండ్ల 'న్యూస్ ఆఫ్ ది వరల్డ్' పత్రిక 2011 జూలైల మూతపడ్డది. జడ్జి లెవిసన్ విచారణ చేసి 2012 నవంబర్‌ల నివేదిక ఇచ్చిండు. ఆయన చెప్పిన కీలకం ఒక్కటే: పత్రికలు తమ నియంత్రణ సంస్థ పెట్టుకోవచ్చు, గని అది నిజంగ స్వతంత్రమా కాదా అని తేల్చే ఇంకో సంస్థ సర్కారుతోని సంబంధం లేకుండ ఉండాలె. పెద్ద పత్రికలు చానావరకు ఆ తనిఖీకి ఒప్పుకోకుండ 2014ల తమ సొంతంగ ఇప్సో పెట్టుకున్నయి. స్వీడన్ల 1916 సంది పత్రికలే నడుపుకునే మండలి ఉంది. డెన్మార్క్ల చట్టంతోని పుట్టిన ప్రెస్ మండలి ఉంది. జడ్జి అధ్యక్షుడు, జర్నలిస్టులు, సంపాదకులు, ప్రజల తరఫు మనుషులు సభ్యులు. అది చెప్పిన తీర్పును తప్పు రాసిన పత్రికనే అచ్చేయాలె, ఏయకుంటే చట్టం ప్రకారం శిక్ష. వార్తను ముందుగాల ఆపే అధికారం మాత్రం దానికి లేదు.

ఇవన్నీ చూసినంక, మన దగ్గర మండలికి ఈ గుణాలు ఉండాలని నేననుకుంటున్న.

ఒకటి, పుట్టుక చట్టంతోని, నడక సొంతంగ. రాజ్యాంగంల పత్రికలు, ముద్రణాలయాలు ఉమ్మడి జాబితాల ఉన్నయి. టీవీ, ఇంటర్నెట్ అసొంటి ప్రసారాలు కేంద్ర జాబితాల ఉన్నయి. అందుకే అన్నిటికీ కలిపి చట్టం పార్లమెంటే చేయాలె. రాష్ట్రం ఒక్కటే చేస్తే సగమే అయితది.

రెండు, సభ్యులు. ఎంపీలు, ఎమ్మెల్యేలు, మీడియా యజమానులు ఉండొద్దు. సగం కంటె ఎక్కువ మంది మీడియా బయటి మనుషులు గావాలె. జర్నలిస్టుల తరఫున వచ్చెటోళ్లల్ల మండల విలేకరులు గూడ ఓట్లతోని గెలిచి రావాలె. ఆడోళ్లు, దళితులు, గిరిజనులు పేరుకు ఒక్కరు గాదు, సరిపడ ఉండాలె. ఒక్కసారే పదవి. మళ్ల పదవి ఆశ లేకుంటే ఎవలికీ వంగే అవసరం ఉండది.

మూడు, పైసలు. ఏడాదికి ఒక్కసారి మంత్రి దయతోని ఇచ్చే గ్రాంటు మీద బతికితే అది స్వతంత్రం గాదు. సంస్థ వ్యాపారాన్ని బట్టి ఫీజు. పెద్ద ఛానల్ ఎక్కువ, ఒక్కడే నడుపుకునే యూట్యూబ్ ఛానల్ నామమాత్రం.

నాలుగు, అధికారం. తప్పు మొదటి పేజీల రాస్తే సవరణ మొదటి పేజీలనే, టీవీల తొమ్మిది గంటలకు చెప్తే అదే తొమ్మిది గంటలకే. పేరు పడ్డ మనిషి మాట గూడ అచ్చేయాలె. మళ్ల మళ్ల చేస్తే ఆదాయాన్ని బట్టి జరిమానా. చేయకూడనివి గూడ చట్టంల రాయాలె: అరెస్టు లేదు, లైసెన్సు లేదు, ముందస్తు సెన్సారు లేదు, ఛానల్ మూసుడు లేదు.

ఐదు, జిల్లాల గడప. ఢిల్లీల ఉన్న ఆఫీసు మనకు చందమామ లెక్క. సూర్యాపేటల, నల్లగొండల ఒక్కొక్క మనిషి ఉండాలె. తెలుగుల, నోటిమాటతోని చెప్పినా ఫిర్యాదు రాసుకోవాలె. నెలల తేల్చాలె.

ఆరు, లెక్కలు బయట. ఏ ఛానల్ ఎవలిది, ఎవల పెట్టుబడి, సర్కారు యాడ్‌లు ఎంత, ఇవన్నీ అందరికీ కనపడాలె.

దీన్ని గూడ వాడుకోరా?

వాడుకోటానికి చూస్తరు. ఒక చిన్న ఛానల్ మీద పది మంది లీడర్లు పది ఫిర్యాదులు పెట్టి తిప్పలు పెట్టొచ్చు. దానికి విరుగుడు ముందే పెట్టాలె. ఆర్.రాజగోపాల్ కేసుల 1994లనే సుప్రీంకోర్టు చెప్పింది, సర్కారు, స్థానిక సంస్థలు పరువు పోయిందని నష్టపరిహారం కోసం దావా ఏయరాదని. అదే సూత్రం ఇక్కడ పెడితే సరి: మనిషి ఫిర్యాదు పెట్టొచ్చు. ప్రభుత్వ శాఖ సవరణ అడగొచ్చు, జరిమానా అడగరాదు. కావాలని సతాయించే ఫిర్యాదును మొదట్లనే కొట్టేయాలె.

"యూట్యూబోళ్లందరూ జర్నలిస్టులేనా?" అన్నది ఇంకో ప్రశ్న. నా మాట ఏందంటే, మనిషిని గాదు, పనిని చూడాలె. వార్త అని చెప్పి జనానికి చూపెడితే వార్త నియమం పాటించాలె, అక్రెడిటేషన్ కార్డు ఉన్నా లేకున్నా. నియమం పాటిస్తే జర్నలిస్టుకు దొరికే రక్షణ గూడ దొరకాలె. ఎవలు జర్నలిస్టో జాబితా రాసే పని సర్కారుకు అప్పజెప్పొద్దు.

అప్పటిదాంక మనం ఏం జేయొచ్చు?

చట్టం వచ్చేదాంక చేతులు కట్టుకొని కూసోవద్దు. మీ మీదనో, మీ ఊరి మీదనో తప్పుడు వార్త వస్తే కోపంల ఫోన్ చేసి తిట్టకండ్రి. ముందుగాల సాక్ష్యం దాచుకోండ్రి. పేపరైతే కటింగ్, తేదీ, పేజీ నంబరు. వీడియో అయితే లింకు, స్క్రీన్‌షాట్, డౌన్‌లోడ్, ఎందుకంటే రేపు తీసేస్తరు.

పత్రిక అయితే సంపాదకునికి రాతపూర్వకంగ రాయండ్రి. ఏ వాక్యం తప్పు, నిజం ఏంది, రుజువు ఏంది, ఈ మూడే రాయాలె. జవాబు రాకుంటే ప్రెస్ కౌన్సిల్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. దినపత్రిక, వారపత్రిక అయితే అచ్చయిన రెండు నెలల లోపల, మిగతావైతే నాలుగు నెలల లోపల. అదే సంగతి మీద కోర్టుల కేసు నడుస్తుంటే అది తీసుకోదు. టీవీ అయితే ఛానల్ ఫిర్యాదుల అధికారికి, తర్వాత దాని స్వీయ నియంత్రణ సంస్థకు. యూట్యూబ్, ఫేస్‌బుక్ అయితే రిపోర్ట్ కొట్టుడే గాకుండ ఆ కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండ్రి. వాళ్ల జవాబు నచ్చకుంటే 2023 సంది గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీ ఉంది, ఆన్‌లైన్లనే అప్పీలు పెట్టొచ్చు. ఎన్నికలప్పుడు పెయిడ్ న్యూస్ అనిపిస్తే జిల్లాల ఎంసీఎంసీ కమిటీ ఉంటది, అక్కడ చెప్పొచ్చు.

ఒక్కొక్కలుగ రాస్తే మూలకేస్తరు. యువజన సంఘమో, గ్రంథాలయ కమిటీయో, మహిళా సంఘమో కలిసి రాస్తే లెక్క ఉంటది. ఏ ఫిర్యాదుకు ఏం జవాబొచ్చిందో దాచి పెట్టుకోండ్రి. రేపు చట్టం గురించి ఎంపీని అడిగే రోజు, ఆ కాగితాలే మన రుజువు.

2024 సెప్టెంబర్ మొదట్ల కోదాడ నీళ్లల్ల మునిగిన దినాలు మనకు యాదికే ఉన్నయి. గసొంటి రాత్రి ఏ వాగు పొంగింది, ఏ తొవ్వ బందైంది అన్న ఒక్క సరైన వార్త ప్రాణం కాపాడతది. ఒక్క తప్పుడు మెసేజ్ ప్రాణం తీస్తది. వార్త అంటే మనకు సాగర్ ఎడమ కాల్వ నీళ్లసొంటిది. కాల్వను గండి కొట్టనియ్యద్దు, కలుషితం కానియ్యద్దు. గేటు తాళంచెవి మాత్రం లీడర్ ఇంట్లనో, మిల్లు ఓనర్ ఇంట్లనో ఉండొద్దు. అది ఆయకట్టు రైతుల కాడ, అంటే చదివే, చూసే మన కాడ ఉండాలె. రేపు ఓటు అడగటానికి ఎవలొచ్చినా, రోడ్డు, పింఛను అడిగినట్టే ఈ చట్టం సంగతి గూడ అడుగుండ్రి.